టికెట్ డబ్బులు ఎవరివి? విదేశంలో సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్‌కి వైజాగ్ నుంచి ఏ దారి ఎవరికి నప్పుతుంది

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన మనిషి. బీటెక్ మూడో సంవత్సరంలో ఓ సాయంత్రం నేను ఇంటికొచ్చి, "యూరప్‌లో ఇంటర్న్‌షిప్ నాన్నా, లక్షా ఇరవై వేలు కట్టాలంట" అన్నాను. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి ఒక్కటే అడిగారు: "మన డబ్బులిచ్చి ఆళ్ల పని మనం చేయడమేట్రా?"

ఆ రోజు నాకు కోపం వచ్చింది. ద్వారకానగర్‌లో ఓ మేడ మీదున్న కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన రంగుల కాగితం చేతిలో ఉంది. అందులో ఈఫిల్ టవర్ ఉంది, సర్టిఫికెట్ నమూనా ఉంది. ఏ కంపెనీ, ఏ పని, ఎవరి దగ్గర అన్నవి మాత్రం లేవు. సగం డబ్బు కట్టాక చెబుతామన్నారు. నాన్న అడిగినదానికి జవాబు దొరక్క ఆ కాగితం సొరుగులో పడేశాను. తర్వాతి వేసవిలో జర్మనీలో ఓ యూనివర్సిటీ ల్యాబ్‌లో మూడు నెలలు పనిచేసి వచ్చాను. నెలనెలా డబ్బు వాళ్లే ఇచ్చారు. ఇప్పుడు మా కాలేజీ జూనియర్లు ఫోన్ చేసి "అన్నా, ఏ దేశం మంచిది?" అన్నప్పుడల్లా నాన్న ప్రశ్ననే వాళ్లకి అప్పజెబుతున్నాను.

దేశం సంగతి తర్వాత. ముందు రెండు తేలాలి: డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది, వీసాకి కాగితం ఎవరు రాసిస్తున్నారు. ఈ రెండూ అడిగేసరికి సగం దారులు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

ల్యాబ్ దారి

సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ అనగానే కంపెనీ, మెడలో ఐడీ కార్డు గుర్తొస్తాయి. కానీ మన దగ్గర్నుంచి డిగ్రీ మధ్యలో విదేశానికి వెళ్లినవాళ్లలో నాకు తెలిసినంతవరకు ఎక్కువమంది చేరింది యూనివర్సిటీ ల్యాబ్‌లకే. అక్కడా కోడే రాస్తారు. రోబోటిక్స్ సిమ్యులేటర్, కంపైలర్, వైద్య చిత్రాలు చదివే మోడల్, ఏదైనా కావచ్చు. వేసవి విద్యార్థులను తీసుకోవడానికి ఆ సంస్థలకి విడిగా నిధులుంటాయి, కాగితాలు చూసే ఆఫీసూ ఉంటుంది. కంపెనీకైతే ఒక్క ఇంటర్న్ కోసం ఇంత తంటా దేనికి అనిపిస్తుంది.

మొదట చెప్పాల్సింది కెనడాలోని మైటాక్స్ గ్లోబలింక్ గురించి. పన్నెండు వారాల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఇది. అక్కడి ప్రొఫెసర్లు ప్రాజెక్టులు పెడతారు, మనం నచ్చినవి ఎంచుకుని దరఖాస్తు చేస్తాం. వాళ్ల వైపు నుంచి కూడా మనం నచ్చాలి. మార్కుల దగ్గర పట్టుదలగా ఉంటారు, పదికి 8 ఉంటేనే ధైర్యంగా అడుగు వేయండి. చదువులో ఇంకా ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు మిగిలి ఉండాలన్న నియమం వల్ల ఇది మూడో సంవత్సరం వాళ్లకి అతికినట్టు సరిపోతుంది. ప్రభుత్వ నిధులతో నడిచే కెనడా యూనివర్సిటీలో పరిశోధనకి వచ్చేవాళ్లకి 120 రోజుల దాకా వర్క్ పర్మిట్ అక్కర్లేదన్న మినహాయింపు ఒకటుంది. పన్నెండు వారాలంటే 84 రోజులు, హాయిగా అందులో ఇమిడిపోతుంది.

జర్మనీ దగ్గర మాత్రం ఏటా ఒకే పొరపాటు చూస్తుంటాను. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వాళ్ల రైజ్ ఇంటర్న్‌షిప్ కార్యక్రమం చూసి ఎగిరి గంతేస్తారు, రాత్రంతా కూర్చుని ఎస్సే రాస్తారు. రైజ్ అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్ యూనివర్సిటీల విద్యార్థులకి. మన కోసం ఉన్నది అదే సంస్థ నడిపే వైజ్. పేర్లు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి తికమక సహజం. వైజ్‌లోనూ ఒక మెలిక ఉంది. కొన్ని ఎంపిక చేసిన విద్యాసంస్థల విద్యార్థులకే అవకాశం. ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటివి జాబితాలో ఉంటాయి. మధురవాడ, సంగివలస, దువ్వాడ వైపు కాలేజీల వాళ్లు ఎస్సే మొదలుపెట్టకముందే ఆ జాబితా తెరిచి తమ కాలేజీ పేరు వెతుక్కోవాలి. లేకపోతే బాధపడక్కర్లేదు, జర్మనీకి వేరే తలుపు ఉంది, దానికి తర్వాత వస్తాను.

సెర్న్, అంటే యూరప్ దేశాలు కలిసి నడిపే అణు పరిశోధన కేంద్రం గురించి విన్నవాళ్లు అది ఫిజిక్స్ వాళ్ల గుడి అనుకుంటారు. అక్కడి ఓపెన్‌ల్యాబ్ వేసవి కార్యక్రమం అచ్చంగా కంప్యూటింగ్ వాళ్లది, తొమ్మిది వారాలు జెనీవా దగ్గర. 2017లో భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశమైంది. వేసవినాటికి మూడేళ్ల చదువు పూర్తయి ఉండాలంటారు. పోటీ మాత్రం మామూలుగా ఉండదు, ప్రపంచమంతా అక్కడే క్యూ కడుతుంది. స్విట్జర్లాండ్‌లోనే లోజాన్‌లోని ఈపీఎఫ్ఎల్, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ కూడా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకి వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. జపాన్‌లో ఒకినావా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, అందరూ ఓయిస్ట్ అంటారు, రానుపోను ప్రయాణం, వసతి చూసుకుని రోజు భత్యం కూడా ఇస్తుంది. వేసవే కావాలన్న పట్టింపు లేదు, ఏడాదికి రెండుసార్లు దరఖాస్తులు తీసుకుంటారు. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో దేవుడికే తెలిసే మన కాలేజీలకి ఈ వెసులుబాటు చిన్నది కాదు.

ఇక ఆ వేరే తలుపు: నేరుగా ప్రొఫెసర్‌కి మెయిల్. నేను వెళ్లింది ఇలాగే. అరవైకి పైగా మెయిళ్లు పంపితే నాలుగు జవాబులొచ్చాయి, వాటిలో రెండు "క్షమించండి". మొదటి నలభై మెయిళ్లు ఇప్పుడు చదువుకుంటే నాకే సిగ్గేస్తుంది. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్" అని మొదలై, మొత్తం రెజ్యుమె వల్లించి, ఆయన చేసే పనికి సంబంధం లేకుండా ముగిసేవి. పద్ధతి మార్చింది మా సీనియర్ అక్క ఒకావిడ. "ఆయన ల్యాబ్ కోడ్ గిట్‌హబ్‌లో ఉందా లేదా చూడు. ఉంటే దించుకుని నీ మెషీన్‌లో నడుపు. ఏదో ఒకటి విరుగుతుంది, విరిగినదాన్ని బాగుచేసి పంపు. మెయిల్‌లో ఆ ఒక్క సంగతే రాయి" అంది. నిజంగానే విరిగింది. ఉబుంటు కొత్త వెర్షన్‌లో బిల్డ్ అవ్వడం లేదు. రెండు రోజులు కూర్చుని సరిచేసి, నా మార్పుని వాళ్ల కోడ్‌లో కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టాను. నాలుగు వాక్యాల మెయిల్ రాశాను. మూడో రోజు జవాబొచ్చింది.

వెళ్లాక చేసిన పని గొప్పదేమీ కాదు. సీ++ కోడ్‌కి టెస్టులు రాయడం, ఒక మాడ్యూల్‌ని విడగొట్టడం. కానీ మొదటి వారం నేను పెట్టిన మార్పుకి నలభై మూడు కామెంట్లు వచ్చాయి. వేరియబుల్ పేరు దగ్గర్నుంచి మెమొరీ ఎవరు విడుదల చేయాలన్నదాకా ప్రతి వరుసా ఒక మనిషి కూర్చుని చదివాడు. నాలుగేళ్ల బీటెక్‌లో నా కోడ్‌ని అలా చదివినవాళ్లు లేరు, రికార్డులో అవుట్‌పుట్ అంటించి ఉందా లేదా అన్నదే చూసేవారు. ల్యాబ్ దారి వల్ల నాకు మిగిలింది ఈ అలవాటే, జర్మనీ స్టాంపు కాదు.

లోటూ చెప్పాలి. ల్యాబ్ నుంచి ఉద్యోగం రాదు. పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ చేసినచోటే ఇచ్చే ఉద్యోగ ఆఫర్, అన్న మాటే అక్కడ వినపడదు. పైగా మన కాలేజీల్లో క్యాంపస్ డ్రైవ్‌లు మూడో సంవత్సరం అయ్యాక జూలై, ఆగస్టుల్లో మొదలవుతాయి. నేను అక్కడుండగా రెండు కంపెనీలు వచ్చి వెళ్లిపోయాయి. ఆన్‌లైన్ పరీక్ష ఒకటి రాత్రి పూట రాశాను, ఇంటర్వ్యూకి మాత్రం మనిషి కావాలన్నారు. ఇంట్లో త్వరగా జీతం అవసరం ఉన్నవాళ్లు ఈ లెక్క మొదటే వేసుకోవాలి.

కంపెనీ దారి, దేశం దేశానికో తాళం

విదేశీ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి ఆఫర్ తెచ్చుకోవడం ఒక ఎత్తు, పని చేసే అనుమతి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. విజిట్ వీసా మీద వెళ్లి జీతానికి పనిచేయవచ్చని ఎవరైనా అంటే ఆ మనిషితో మాట అక్కడే ఆపేయండి. చిన్న వయసులో పాస్‌పోర్టు మీద మచ్చ పడితే తర్వాత ఎంఎస్ వీసాకి కూడా అదే అడ్డొస్తుంది.

అమెరికా అందరికీ మొదటి కల కాబట్టి దాంతో మొదలుపెడతాను. పెద్ద కంపెనీల వేసవి ఇంటర్న్‌షిప్ ప్రకటనల్లో చాలావాటికి "ఇక్కడ పనిచేసే అర్హత ఇప్పటికే ఉండాలి" అన్న షరతు ఉంటుంది. అంటే అక్కడ చదువుకుంటున్నవాళ్ల కోసం. ఇండియాలో చదువుతూ వెళ్లడానికి ఉన్న దారి జే-1 ఇంటర్న్ వీసా. ఇందులో కంపెనీ ఒక్కటే చాలదు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థ ఉండాలి. వాళ్లు డీఎస్-2019 అనే పత్రం ఇస్తారు. మీకు ఏం నేర్పుతారో దశల వారీగా రాసే శిక్షణ ప్రణాళిక, డీఎస్-7002, దానికి ముందే తయారవ్వాలి. ఇంటర్న్‌గా గరిష్ఠంగా పన్నెండు నెలలు ఉండొచ్చు. విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టే సెవిస్ ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, ఇవి కాక స్పాన్సర్ రుసుము, ఇన్సూరెన్స్. అందుకే ఆఫర్ రాగానే కంపెనీని సూటిగా అడగాలి: "స్పాన్సర్ రుసుము మీరు కడతారా?" అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు మొహమాటపడతారు. అడగకపోతే ఆ డబ్బు నాన్న పీఎఫ్ నుంచి వస్తుంది.

ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో, మన రాష్ట్రం దాని పరిధిలోకే వస్తుంది. సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఇంటర్వ్యూ స్లాట్లు మాత్రం గోదావరి బెర్తుల్లా తత్కాల్‌లో దొరకవు, వేసవికి వెళ్లాలంటే శీతాకాలంలోనే కాగితాలు కదలాలి. జీతం వచ్చాక ఒక మేలుంది: జే-1 మీద కొత్తగా వెళ్లినవాళ్ల జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోయకూడదు. మా స్నేహితుడికి తెలియక కోయించుకున్నాడు, వెనక్కి తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది.

జర్మనీలో కంపెనీకి వెళ్లాలంటే మీ చదువుకి సంబంధించిన పనై ఉండాలి, కనీసం నాలుగు సెమిస్టర్లు పూర్తి చేసి ఉండాలి, అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ సమ్మతి తెలపాలి. పన్నెండు నెలలు దాటకూడదు. ఆఫర్‌లో జీతం చూసి మురిసిపోకముందు ఒక కొలత గుర్తుపెట్టుకోండి. చదువుకోవడానికి వచ్చే విద్యార్థి చేతిలో నెలకు 992 యూరోలు ఉండాలని జర్మనీ లెక్క కట్టింది. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ అంతకన్నా తక్కువైతే మిగతాది మీ ఇంటి నుంచి వెళ్తుంది. మ్యూనిక్‌లో అద్దెకే ప్రాణం పోతుంది, తూర్పు జర్మనీ ఊళ్లలో అదే డబ్బుతో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

సింగపూర్ మనకి దగ్గర. వైజాగ్ నుంచి స్కూట్ విమానం నేరుగా వెళ్తుంది, హైదరాబాద్ వెళ్లి మారక్కర్లేదు. కానీ ట్రెయినింగ్ ఎంప్లాయ్‌మెంట్ పాస్ మూడు నెలలకే, పొడిగింపు ఉండదు. విద్యార్థికైతే వాళ్లు గుర్తించిన యూనివర్సిటీ పేరన్నా ఉండాలి, లేకపోతే నెలకు కనీసం 3,000 సింగపూర్ డాలర్ల జీతమన్నా ఉండాలి. దరఖాస్తు కంపెనీయే చేయాలి. వర్కింగ్ హాలిడే అనే ఇంకో పథకం పేరు వింటారు, దాంట్లో మన దేశం లేదు.

జపాన్‌లో జీతంతో ఇంటర్న్‌షిప్‌కి ఇచ్చే వీసాకి మీ యూనివర్సిటీకి, అక్కడి కంపెనీకి మధ్య ఒప్పందం, చదువులో భాగమన్న రుజువు కావాలి. అంటే మీ కాలేజీ ఆసక్తి చూపకపోతే మీరెంత తెలివైనవారైనా లాభం లేదు. బ్రిటన్‌లో యంగ్ ప్రొఫెషనల్స్ పథకం అంటూ లాటరీ నడుస్తుంది, అది డిగ్రీ పూర్తయినవాళ్లకి. చదువుతుండగా వెళ్లాలంటే అక్కడ గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజ్ సంస్థ స్పాన్సర్ చేయాలి. ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.

కంపెనీ దారి మీద నా అభిప్రాయం అడిగితే: ఆఫర్ దానంతటది వస్తే, వీసా పని వాళ్లే చూస్తే, కళ్లు మూసుకుని వెళ్లండి. దాని వెంట పడి ఒక విద్యా సంవత్సరం పోగొట్టుకోకండి.

ఇంట్లో కూర్చుని విదేశానికి

గాజువాకలో మా క్లాస్‌మేట్ ఒకడు ఎక్కడికీ వెళ్లలేదు. మేడ మీద గదిలో, ఇన్వర్టర్ కొనిపించుకుని, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ చేశాడు. జీసాక్ అంటారుగా, అదే. 2005 నుంచి నడుస్తోంది. ఏళ్లుగా ఇందులో ఎక్కువమంది మన దేశం వాళ్లే. గూగుల్ ఉద్యోగం కాదిది. కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచే ఒక ఓపెన్‌సోర్స్ సంస్థకి మెంటర్ చేతి కింద కోడ్ రాస్తారు, స్టైపెండ్ గూగుల్ ఇస్తుంది, అదీ మీరున్న దేశపు ఖర్చులను బట్టి. ప్రాజెక్టు 90, 175 లేదా 350 గంటలు. పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే చాలు, మీ కాలేజీ పేరు ఎవరూ అడగరు, సీజీపీఏ అంతకన్నా అడగరు. 6.8 సీజీపీఏతో మా వాడు సాధించింది 9 దాటినవాళ్లకి కూడా రాలేదు.

ఔట్‌రీచీ కూడా దాదాపు ఇలాంటిదే, మూడు నెలలకి 7,000 డాలర్లు. టెక్ రంగంలో తక్కువగా కనబడే వర్గాలవాళ్ల కోసం పెట్టింది, వివక్ష ఎదుర్కొన్న అనుభవాన్ని దరఖాస్తులో రాయాలి. అమ్మాయిలు, వెనకబడిన వర్గాల విద్యార్థులు తప్పక చూడాలి. ఒక కిటుకు: జీసాక్ చేసినవాళ్లకి ఔట్‌రీచీ తలుపు మూసుకుంటుంది. రెండూ మనసులో ఉంటే ఔట్‌రీచీకే ముందు ప్రయత్నించండి. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల ఎల్ఎఫ్ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదికి మూడు విడతలు, క్లౌడ్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది.

ఇంట్లో కూర్చుని చేసేదాంట్లో అసలు కష్టం గడియారం. మెంటర్ బెర్లిన్‌లో ఉంటే వేసవిలో ఆయన ఉదయం 9 మనకి మధ్యాహ్నం 12:30, అన్నం తిని కూర్చోవచ్చు. న్యూయార్క్ అయితే మన సాయంత్రం 6:30. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే రాత్రి 9:30కి మొదలు. అప్పుడు మీటింగ్ ముగించి పడుకునేసరికి బీచ్ రోడ్డు మీద వాకింగ్ వాళ్లు బయల్దేరుతుంటారు. పొద్దున్న ఎనిమిదింటికి కాలేజీ బస్సు. రెండు వారాలు ఎలాగో నెట్టుకొస్తారు, మూడో వారం మనిషి వాడిపోతాడు. మెంటర్ ఏ ఊళ్లో ఉన్నాడో చూసి ప్రాజెక్టు ఎంచుకోవడం తప్పేమీ కాదు.

"ఇది విదేశీ ఇంటర్న్‌షిప్ కిందకి వస్తుందా?" అని బంధువులు అడుగుతారు. పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి పనికిరాదు. ఇంటర్వ్యూలో మాత్రం మీ కోడ్ లింకు తెరిచి చూపించవచ్చు, ల్యాబ్ కోడ్‌కీ కంపెనీ కోడ్‌కీ ఆ సౌలభ్యం ఉండకపోవచ్చు. ఖర్చు కరెంటు బిల్లు.

ఆగి చూడటం కూడా ఒక దారే

ఎంఎస్‌కి ఎలాగూ వెళ్దామనుకునేవాళ్లు మన దగ్గర వీధికి నలుగురు. వాళ్లకి ఇప్పుడే విదేశీ ఇంటర్న్‌షిప్ ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి, మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. చదువయ్యాక అక్కడే పనిచేయడానికి పన్నెండు నెలల ఓపీటీ, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులకి మరో 24 నెలలు. పన్నెండు నెలలు పూర్తికాలం సీపీటీ వాడేస్తే మాత్రం ఆ స్థాయిలో ఓపీటీ పోతుంది, చాలామంది తెలియక దెబ్బతినేది అక్కడే. ఎంఎస్ ఖాయం అనుకునేవాళ్లకి నా సలహా: ఇప్పుడు ల్యాబ్ దారి పట్టండి. ఎంఎస్ దరఖాస్తుకి రికమండేషన్ లెటర్లు కావాలి కదా, విదేశీ ప్రొఫెసర్ మీ పని మూడు నెలలు కళ్లారా చూసి రాసిన ఉత్తరం ముందు, మన హెచ్ఓడీ గారు ముప్పైమందికి పేరు మార్చి ఇచ్చే ఉత్తరం తేలిపోతుంది.

వైజాగ్‌లోనే ఉండిపోయే దారి ఇప్పుడు మునుపటిలా తీసిపారేసేది కాదు. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ ఇక్కడ సెంటర్ తెరిచింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఆ వార్త వచ్చాక మా కాలనీలో ప్రతి ఇంట్లో "ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు" అన్న మాటే. కాస్త నెమ్మదించాలి. డేటా సెంటర్ అంటే ముందు కరెంటు, నీళ్లు, సర్వర్లు, వాటిని చూసే మనుషులు. కోడ్ రాసే ఇంటర్న్‌లను అది వందలకొద్దీ తీసుకుంటుందని ఇప్పుడే లెక్కలు వేసుకోకూడదు. త్వరగా ఉద్యోగం కావాలనుకుంటే హైదరాబాద్, బెంగళూరుల్లోని ప్రాడక్ట్ కంపెనీల ఇంటర్న్‌షిప్‌కి ఇప్పటికీ సాటి లేదు. పీపీఓ దొరికేది అక్కడ. విదేశీ ల్యాబ్, హైదరాబాద్ ప్రాడక్ట్ కంపెనీ రెండూ చేతికొస్తే, ఇంటి అప్పు ఉన్నవాడు హైదరాబాద్ వెళ్లాలి. ఈ మాట నాకు చెప్పడానికి కష్టమే, నేను జర్మనీ వెళ్లినవాణ్ని కాబట్టి.

డబ్బు కట్టే దారి

దీనికి ఎక్కువ చోటు ఇవ్వను. ఫీజు కడితే "ఇంటర్నేషనల్ ఇంటర్న్‌షిప్" ఇచ్చేవాళ్లు సిరిపురం నుంచి మద్దిలపాలెం దాకా ఉన్నారు. వాళ్లని మూడు అడగండి: కంపెనీ పేరు, నా పని చూసే మనిషి పేరు, ఏ రకం వీసా. ముందే మూడూ కాగితం మీద రాసిస్తే ఆలోచించవచ్చు. "డబ్బు కట్టాక" అంటే మెట్లు దిగి వచ్చేయండి. వెళ్లి రావాలన్న సరదా ఉంటే టూర్ అనుకునే వెళ్లండి, తక్కువలో పోతుంది. విద్యార్థి సంఘాల ద్వారా జరిగే ఎక్స్ఛేంజ్‌లు, అయేసెక్ వంటివి, వీటిలో కలపను. వాటిలోనూ కొంత రుసుము ఉంటుంది, పని ఎంత సాంకేతికమన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, పని వివరణ చదివి తేల్చుకోవాలి.

పండగల లెక్కన తేదీలు

మా బ్యాచ్‌లో సగంమంది అవకాశం పోగొట్టుకున్నది ప్రతిభ లేక కాదు, మార్చిలో నిద్రలేచి. వేసవి ఇంటర్న్‌షిప్ అంటే వేసవిలో వెతికేది అనుకున్నారు. పండగలతో గుర్తుపెట్టుకోండి. వినాయక చవితి పందిళ్లు లేచే నాటికి మైటాక్స్ దరఖాస్తు సిద్ధం, సెప్టెంబర్‌లో గడువు ముగుస్తుంది. దసరా, దీపావళి మధ్యలో వైజ్, ఓయిస్ట్. దీపావళి నుంచి క్రిస్మస్ దాకా స్విట్జర్లాండ్ ఫెలోషిప్‌లు, ప్రొఫెసర్లకి మెయిళ్లు. సంక్రాంతికి ఊరెళ్లినా ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, సెర్న్ గడువు జనవరి నెలాఖరు. ఉగాది పచ్చడి తినే రోజుల్లో జీసాక్ ప్రతిపాదనలు, కానీ ఆ సంస్థల కోడ్‌లో మీ చేయి సంక్రాంతి నుంచే పడి ఉండాలి. ఖచ్చితమైన రోజు ఏటా అటూ ఇటూ జరుగుతుంది, అధికారిక పేజీలో చూసుకోండి.

ఇవన్నీ మూడో సంవత్సరం మొదట్లోనే తలుపు తడతాయి. అంటే పాస్‌పోర్టు రెండో సంవత్సరంలోనే చేతిలో ఉండాలి. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు మనకి దగ్గరే, మామూలు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. డబ్బు కన్నా పెద్ద చిక్కు పేరు దగ్గర వస్తుంది. పదో తరగతి మెమోలో మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒక గడి. రెండూ కలిపి ఒకే గడిలో నింపేస్తే అమెరికా వీసాలో మీ మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా నుంచి జీతం చెక్కు దాకా వెంటాడతాయి. ఇంటిపేరు పూర్తిగా విడగొట్టి రాయించుకోండి. ఆధార్, మెమో, పాస్‌పోర్టు మూడూ ఒకేలా ఉన్నాయని చూసుకున్నాకే ఎక్కడైనా దరఖాస్తు చేయండి.

ఎవరికి ఏది

రెండో సంవత్సరంలో ఉండి, చేతిలో ఏమీ లేదనిపిస్తే ఓపెన్‌సోర్స్. సీజీపీఏ 8 దాటి, పరిశోధన రుచి చూడాలనుంటే మైటాక్స్, ఓయిస్ట్, వీటితో పాటు నేరు మెయిళ్లు. మార్కులు తక్కువ, కోడ్ బాగా వచ్చు అంటే జీసాక్ ఒక్కటే కాదు, నేరు మెయిల్ కూడా, ఎందుకంటే బిల్డ్ బాగుచేసినవాడి సీజీపీఏ నన్ను తీసుకున్న ప్రొఫెసర్ చివరిదాకా అడగలేదు. బ్యాక్‌లాగ్‌లు ఉంటే వేసవిలో సప్లిమెంటరీ తేదీలు ముందు చూసుకోండి, ప్రయాణం మధ్యలో పరీక్ష పడితే రెండూ పోతాయి. ఏదీ తేలకపోతే రెండు దరఖాస్తులు ల్యాబ్‌కి, ఒకటి ఇంట్లోంచి చేసేదానికి, ఒకటి హైదరాబాద్‌కి పెట్టి, ముందు ఏది పలికితే దాన్ని పట్టుకోండి.

కాలేజీతో పేచీ పడకండి. మన రాష్ట్రంలో జేఎన్‌టీయూ ఆర్20, ఆర్23 కోర్సు నిబంధనల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది, చివరి సెమిస్టర్‌లో పూర్తికాలం ఇంటర్న్‌షిప్‌కీ చోటుంది. కాబట్టి మీరు అడిగేది అదనపు సెలవు కాదు, వాళ్ల నిబంధనల్లో ఉన్నదే. విదేశీ సంస్థ ఇచ్చే ఉత్తరంలో తేదీలు, పని గంటలు, పర్యవేక్షించే మనిషి పేరు ఉంటే క్రెడిట్లకి అడ్డుండదు. బోనఫైడ్, ఎన్‌ఓసీ రెండూ కాలేజీ లెటర్‌హెడ్ మీద, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే టైప్ చేయించండి. నావి రెండుసార్లు తప్పు పడ్డాయి. మూడోసారి నేనే టైప్ చేసుకుని పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. ప్రిన్సిపాల్ సంతకానికి ఉదయం పదకొండు లోపు వెళ్లండి, మధ్యాహ్నం దాటితే ఆయన జేఎన్‌టీయూ మీటింగ్ అంటూ విజయనగరం బయల్దేరిపోతారు.